బుటా దాకా వెళ్లిన కత్తెర

వచ్చేసింది! సీటు వచ్చేసింది! ఇవాళ పొద్దున పదకొండింటికి మెయిల్ వచ్చింది. వేరే సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలి ఉందా, ఉంటే ఆ గాలిలో ఏమేం కలిసి ఉన్నాయి, ఇక ఐదేళ్లపాటు అది చూడటమే నా పని. పని! మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ పట్టా వచ్చినప్పుడు బాపు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బా మీద నిలబెట్టి, మంచినీళ్లకు వచ్చినవాళ్లకు కూడా చూపించాడు. ఇక ఈ మెయిల్ చూస్తే ఏం చేస్తాడో.

నాలుగుసార్లు చదువుకుని, పేరు నాదేనని తేల్చుకుని, అమ్మ దగ్గరికి ఉరికాను. ఈ గుజరాతీవాళ్ల ఊళ్లో, నవాగామ్ బస్తీలో, మాది ఒకటే గది కాబట్టి ఉరకడమంటే మూడడుగులు. అమ్మ కిటికీ కింద కూర్చుని చీర వెనక దారాలు కత్తిరిస్తోంది.

“అమ్మా, సీటొచ్చింది!”

“ఏం సీటు?”

“గ్రహాలది. మొన్న ఇంటర్వ్యూ అయింది గదా, గదే.”

“మల్ల సదువేనా?”

“అవునమ్మా.”

“ఎన్నేండ్లు?”

“ఐదు.”

అమ్మ చేతిలో కత్తెర ఒక్క క్షణం కూడా ఆగలేదు. “నీ సదువు ఇగ ఒడువదా బిడ్డా?”

అంతే! రెండేళ్లు ఎదురుచూసిన వార్తకు మా ఇంట్లో దొరికిన స్వాగతం అది.

బాపుకు చెబుదామంటే బాపు ఉన్ అనే పేట దగ్గర కార్ఖానాలో ఉన్నాడు. మరమగ్గాల పని. మావాళ్లు వాటిని సాంచాలంటారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా షిఫ్టు. ఫోను టిఫిన్ సంచిలో, సంచి మేకుకు. నూరు సాంచాలు కలిసి కొట్టే చప్పుడులో పక్క మనిషి అరుపే వినబడదు, ఫోనేం వినబడుతుంది? అయినా ఆరుసార్లు చేశాను. ఎప్పటినుంచో ఒక మొక్కులాంటిది పెట్టుకున్నాను. సీటొస్తే మొదట బాపుకు, ఆ తర్వాతే లోకానికి. అమ్మ గదిలోనే ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. ఏడింటి దాకా ఇంకెవరికీ ఫోన్ చేయడానికి లేదు. నోరు ఊరుకోవట్లేదు. అందుకే రాస్తున్నాను. తెలుగు రాయడం ఇక్కడి కార్పొరేషన్ తెలుగు బడిలో నేర్చుకున్నాను. ఇన్నాళ్లకు పనికొచ్చింది.

సంతోషంగా రాద్దామనే కూర్చున్నాను. కానీ తలుచుకుంటుంటే అన్నీ చిరాకులే వస్తున్నాయి.

మొదటి లాక్‌డౌన్ పడ్డప్పుడు నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఒక్కరోజులో సాంచాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటినుంచి వింటున్న చప్పుడు లేకపోయేసరికి బాపుకు నిద్ర పట్టేది కాదు, ఆ నిశ్శబ్దం చెవిలో పొడుస్తుందనేవాడు. మా వరుసలో సగం గదులకు తాళాలు పడ్డాయి. ఒడియావాళ్లు వెళ్లారు, మనవాళ్లు చాలామంది ఏ బండి దొరికితే అది పట్టుకుని సిరిసిల్ల వైపు వెళ్లిపోయారు. ఊర్నుంచి చిన్నాయిన రోజూ ఫోన్. స్పీకర్‌లో పెట్టేవాడు బాపు.

“పిల్ల సదువు కోసం ఆడనే సస్తరా అన్నా? జర సోయి వెట్టుండ్రి!”

“ఊర్ల సిగ్నల్ రాదురా. పిల్లకు క్లాసులుంటయి.”

“సిగ్నల్ తింటరా?”

“ఆడ నువ్వేం తింటున్నవ్? గది జెప్పు ముందు.”

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అమ్మా బాపూ నాకోసమే ఉండిపోయారు. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ప్రాజెక్టు చేయాలి. మా కాలేజీ మేడమ్ ఒకరు వేరే ఊరి సైంటిస్టు ఒకాయనకు నా గురించి మెయిల్ రాశారు. ఆయన నాకు గైడ్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. నేను ఆయన్ని ఈరోజు దాకా స్క్రీన్ మీద తప్ప చూడలేదు. మొదటి రోజే ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పారు. “ఈ గ్రహం గాలిలో నీటి ఆవిరి ఉందని ఇదివరకే తేలింది. కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. పెద్ద టెలిస్కోపుతో తీసిన కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలోంచి ఆ నీటి జాడను మీరు సొంతంగా బయటికి తీయండి. తీస్తే మీకు పరిశోధన సీటుకు సిఫారసు ఉత్తరం రాస్తాను. తీయకపోతే రాయలేను.”

తేలిన సంగతినే మళ్లీ తేల్చడం. ఎంత సులువనుకున్నానో!

లాప్‌టాప్ లేదు. అడాజన్‌లో ఉండే నా క్లాస్‌మేట్, గుజరాతీ పిల్ల, తన పాతది ఇస్తానంది. బస్సులు సరిగా లేవు. బాపు పక్కింటి సైకిల్ అడిగి తీసుకుని తాపీ నది దాటించి తీసుకెళ్లాడు. వాళ్ల సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు, బయటివాళ్లకు ప్రవేశం లేదని. నా ఫ్రెండ్ గేటు లోపల, నేను బయట. మధ్యలో వాచ్‌మన్ లాప్‌టాప్ పట్టుకుని దాని మీద శానిటైజర్ కొడుతున్నాడు, ఆకుకూర మీద నీళ్లు చల్లినట్టు. “కీబోర్డు మీద వద్దు భయ్యా!” అని ఇద్దరం అరిచాం. నేను మొహమాటపడుతూ నిలబడితే, “లై జా నే, పాగల్!” అని కసిరింది. తీసుకెళ్లవే పిచ్చిదానా అని. ఆ రోజు నుంచి ఆ లాప్‌టాప్‌లో ఎస్ అక్షరం గట్టిగా రెండుసార్లు నొక్కితేగాని పడదు.

ఇక నెట్టు. రోజుకు ఫోన్లో వచ్చే డేటా ఎంత, నాకు దించుకోవాల్సిన ఫైళ్లెంత! పొద్దున నాలుగింటికి లేచి దించడం మొదలుపెడితే తొంభై శాతం దగ్గర తెగిపోయేది. మళ్లీ మొదట్నుంచి. దించడానికే పన్నెండు రోజులు పట్టింది. ఇక దించడం అయ్యిందనుకునేసరికి కార్ఖానాలు తెరుచుకున్నాయి. మా కింది గదిలో జరీ చుట్టే మిషన్ పెట్టారు. అది తిరిగితే నా స్క్రీను కూడా వణికేది.

పక్క గదిలో ఉండే అత్తమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి మాస్కు గడ్డం కిందికి లాగి అడిగింది, “ఏందే, ఈడ ఊపిరాడక జనం సస్తుంటే నువ్వు ఏడనో ఉన్న గాలి లెక్కవెడుతున్నవట?”

“అవునత్తమ్మా.”

“ఆడికి పోతరా ఎవలన్న?”

“పోరు. చానా దూరం.”

“పోనప్పుడు గాలి మంచిదైతేంది, చెడ్డదైతేంది?”

తెలుసుకోవాలని ఉంది, అంతే. కానీ ఆ మాట అత్తమ్మతో అనడానికి ఆ రోజుల్లో సిగ్గేసింది.

చేయాల్సిన పని చెబుతాను, కష్టమేం కాదు. ఆ గ్రహం తన సూర్యుడి ముందు నుంచి దాటుతుంది. అప్పుడు ఆ సూర్యుడి వెలుగులో కొంచెం, గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడకట్టుకుని మన దాకా వస్తుంది. ఆ గాలిలో నీటి ఆవిరి ఉంటే కొన్ని రంగులను తినేస్తుంది. తిన్నచోట సన్నటి చీకటి గీతలు పడతాయి. కంప్యూటర్లో అదొక బట్టలా కనిపిస్తుంది. అడ్డంగా రంగులు, నిలువునా గంటలు. చిక్కేమిటంటే మన భూమి గాలిలోనూ నీళ్లున్నాయి. ఆ వెలుగు దీన్ని కూడా దాటే వస్తుంది. కాబట్టి బట్ట నిండా మన గాలి గీసిన గీతలే. అవి కదలవు, పడుగు పోగుల్లా తిన్నగా నిలువుగా ఉంటాయి. గ్రహం పరుగెడుతూ ఉంటుంది కాబట్టి దాని గీతలు కాస్త ఏటవాలుగా జరుగుతాయి, కానీ కంటికి అందనంత సన్నగా. నిలువు గీతలను విడతలు విడతలుగా తీసేయాలి. మిగిలినదాంట్లో ఏటవాలు గీతలను వేల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితే ఒక చిన్న గుట్ట లేవాలి. ఆ గుట్టే నీళ్లు.

నాకు గుట్ట లేవలేదు.

మొదటి నెల లేవలేదు. రెండో నెల లేవలేదు. ప్రతి శుక్రవారం స్క్రీన్ మీద ఆయన ముందు కూర్చుని చదునైన గీత చూపించడం, ఆయన “ఇందులో ఏమీ లేదే, మళ్లీ చూడండి” అనడం. ప్రోగ్రాములో తప్పుందేమోనని మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. అదే చదును. తేదీలు తప్పు తీసుకున్నానేమోనని చూశాను. సరిగ్గానే ఉన్నాయి. ఎదురుగా ఉన్న నీళ్లు కనపడని దాన్ని నేనొక్కదాన్నే అనిపించేది. బాపు షిఫ్టు నుంచి వచ్చి చెప్పులిప్పుతూనే అడిగేవాడు, “దొరికినయా నీళ్లు?” బోరు వేయిస్తున్నట్టు. నేను లేదనేదాన్ని. “దొరుకుతయి తియ్” అనేవాడు. ఆ తియ్ విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

ఇక్కడ మా తలుపు దగ్గర వేలాడే చీర గురించి చెప్పాలి.

అమ్మ చేసేది ధాగా కటింగ్. బుటాల చీర నేసేటప్పుడు ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ మధ్య దారాలు వెనక వేలాడుతూ మిగిలిపోతాయి. మార్కెట్ మనిషి చీరల మూటలు ఇంటికి తెచ్చి వేస్తాడు. ఆడవాళ్లు ఆ దారాలు కత్తిరించి శుభ్రం చేసి ఇస్తారు. నాకు పదేళ్లప్పుడు అమ్మ నా చేతికీ కత్తెర ఇచ్చింది. నేను మహా శుభ్రం. దారం కొస కూడా కనపడకూడదని బుటా అంచు దాకా కత్తిరించాను. చీర వెనకవైపు అద్దంలా ఉంది. తిప్పి దులిపితే పువ్వులు పోగులు పోగులుగా రాలిపోయాయి. మార్కెట్ మనిషి ఆ చీర అమ్మ మొహాన విసిరి, నెల రోజులు మూట తేలేదు. పువ్వుల్లేని ఆ చీరను అమ్మ నడిమికి చించి తలుపు తెర చేసింది. పన్నెండేళ్లుగా అది అక్కడే ఉంది. బుటాలు రాలినచోట్ల నుంచి వెలుగు చుక్కలుగా పడుతుంది.

కరోనా రెండో అల వచ్చినప్పుడు బాపుకు జ్వరం వచ్చింది. పరీక్షలో అదేనని తేలింది. ఉన్నదే ఒక గది, విడిగా ఎక్కడ పెడతాం? తలుపు తెర విప్పి గది మధ్యలో తాడు కట్టి వేలాడదీశాం. అటు బాపు, ఇటు మేం. బుటాల కన్నాల్లోంచి బాపు కనిపిస్తూనే ఉండేవాడు. దగ్గు ఆగితే అమ్మ చేతిలో కత్తెర ఆగేది, మళ్లీ దగ్గితే కదిలేది. బాపు తెర వెనక ఉన్న మూడు వారాలు గైడ్ సర్ కూడా కనపడలేదు. ఆయన ఇంట్లోనూ ఎవరికో బాగాలేదని ఒక లైను మెయిల్ వచ్చింది. రిపోర్టు ఇవ్వడానికి నెల కూడా లేదు. సిఫారసు ఉత్తరం సంగతి అడిగే పరిస్థితి కాదు.

బాపుకు తగ్గుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కంప్యూటర్లోని ఆ బట్టలాంటి బొమ్మను నేను మళ్లీ శుభ్రం చేస్తున్నాను. స్క్రీన్ మీద గీతలు ఒక్కో విడతకూ మాయమవుతున్నాయి. అమ్మ పక్కనుంచి చూసింది.

“గిది ఎన్నోసారి గోకుడు?”

“ఇరవై.”

“మీ సారు ఎన్ని గోకుమన్నడు?”

“నాలుగైదుతోని షురూ జెయ్యిమన్నడు. నేను ఎక్కువ జేస్తున్న. సాఫ్ గావాలె గదా.”

అమ్మ కత్తెరతో గది మధ్యలో వేలాడే చీరను చూపించింది. “దానికి గూడ గిట్లనే జేస్తివి. సాఫ్, సాఫ్ అనుకుంట పువ్వంతా తీస్తివి. బుటా దాక పోవద్దని ఎన్నిసార్లు జెప్పిన!”

“ఇది చీరె గాదమ్మా!” ఎంత గట్టిగా అరిచానంటే తెర వెనక బాపు లేచి కూర్చున్నాడు.

“కాకపోతే కాకపాయె. నాకేమెరుక? నేను సదువుకున్న దాన్నా?” అని మూతి తిప్పుకుంది.

అమ్మది తప్పని రుజువు చేద్దామనే చేశాను, నిజంగా. నేనే ఒక దొంగ గ్రహాన్ని తయారు చేసి, దాని ఏటవాలు గీతలను ఆ కొలతల్లో కలిపి, ఒక్కో విడతకూ అది ఏమవుతుందో చూశాను. మూడో విడతకు ఉంది. ఐదుకు బాగా ఉంది. తొమ్మిదికి నలిగింది. పన్నెండుకు లేదు. ఇరవై అనవసరం, పన్నెండుకే చచ్చింది. నా చేతులతో నేను పెట్టిన గ్రహాన్నే నేను తినేస్తున్నాను! అంటే నెలల తరబడి ప్రతివారం నీళ్లను శుభ్రంగా ఊడ్చి పారేసి, ఆ తర్వాత వెతికాను.

దొంగ గ్రహాన్ని తీసేసి, అసలు కొలతలను ఐదో విడత దగ్గర ఆపాను. బొమ్మ మురికిగా ఉంది. మార్కెట్‌కు పంపడానికి పనికిరాని చీరలా ఉంది. కళ్లు మూసుకుని గీతలన్నీ కలిపాను. గుట్ట లేచింది. ఉండాల్సిన చోటే ఉంది.

సంతోషం రాలేదు. ఒళ్లు మండింది. అమ్మ వైపు చూడలేదు. తను కూడా అడగలేదు.

గైడ్ సర్ మళ్లీ స్క్రీన్ మీదికి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయారు. ఈసారి మొదటి విడత నుంచి అన్ని బొమ్మలూ చూపించాను. ఆయన ఒక్కోదాన్నీ పెద్దదిగా చేసి చూశారు.

“మధ్య విడతల బొమ్మలన్నీ ఇన్ని నెలలు నాకెందుకు చూపించలేదు?”

“అవి మురికిగా ఉన్నాయి సర్.”

“మొదటి నెలలోనే పది నిమిషాల్లో తేలిపోయేది!” ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. “ఎన్ని విడతలని నేనూ అడగలేదు. అది నా తప్పు. కానీ దాచిపెడితే నేనెలా చూస్తాను?”

ఏం చెప్పను? మా ఇంట్లో దారాలు వేలాడే చీరను ఎవరికీ చూపించరు. కత్తిరించి, మడతపెట్టి, మంచివైపు పైకి పెట్టి అప్పుడు ఇస్తారు. దాచాలని దాచలేదు. అలా ఇవ్వడమే తెలుసు. ఇంగ్లీషులో ఇదంతా చెప్పలేక “సారీ సర్” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “నీళ్లే,” అన్నారు. “బాగా వచ్చింది. రిపోర్టు రాయండి. ఉత్తరం నేను రాస్తాను.”

అక్కడితో అయిపోలేదు. మొదట అడిగిన రెండు చోట్లా సీటు రాలేదు. ఒకదాని ఇంటర్వ్యూలో నేను గుట్ట గురించి చెబుతుండగానే కింద జరీ మిషన్ మొదలైంది. “బ్యాక్‌గ్రౌండ్‌లో అదేంటి?” అని అడిగారు. ఇంకోదాంట్లో కరెంటే పోయింది. అలా ఒక ఏడాది గడిచింది. బంధువులంతా “పిల్ల ఖాళీగ ఉన్నదట గదా” అనడం మొదలుపెట్టారు. మూడోచోట మాత్రం ఒకావిడ అడిగారు, “మీ పనిలో మీరు చేసిన పెద్ద తప్పేమిటి?” నేను చీర సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను, మార్కెట్ మనిషితో సహా. అక్కడే వచ్చింది సీటు.

ఇప్పుడు ఆరున్నర. ఇంకో అరగంట. అమ్మ మధ్యలో ఒకసారి లేచి టీ పెట్టి, గ్లాసు నా పక్కన పెడుతూ మెల్లగా అడిగింది, “ఆడ గూడ శుభ్రం జేసే పనేనా?”

“గదే ఎక్కువ.”

“జర చూసుకొని జెయ్యి మరి.”

ఫోన్ చేయాల్సినవాళ్లను రాసుకుంటున్నాను, ఏడు కొట్టగానే ఎవరినీ మరిచిపోకుండా.

బాపు. మొదట బాపు. కార్ఖానా గేటు దాటాకే ఎత్తుతాడు. “దొరికినయా నీళ్లు?” అంటాడు, చూడండి.

గైడ్ సర్. మెయిల్ పెట్టొచ్చు, కానీ గొంతు వినాలని ఉంది.

కాలేజీ మేడమ్.

అడాజన్ ఫ్రెండ్. లాప్‌టాప్ తిరిగిస్తానని, ఎస్ అక్షరం గురించి కూడా చెప్పాలి.

చిన్నాయిన. సిగ్నల్ కోసం ఇంటి మీదికి ఎక్కేదాకా ఆగాలి.

పక్క గది అత్తమ్మ. ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఆమె అడిగిన దానికి ఈలోగా ఏదైనా జవాబు తోస్తే బాగుండు.

చీర విసిరిన మార్కెట్ మనిషి. ఇది నేను రాయలేదు. చదివి వినిపిస్తుంటే అమ్మ రాయించింది. “ఆని నంబర్ నా దగ్గరుంది,” అంది. “నువ్వు జెయ్యకు. నేనే జేస్త.”